గిర్ని ఆపి అడిగే మనిషి

ఎనిమిది రోజుల కింద పొద్దున మా గల్లీ వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో వచ్చింది. కింద పూలదండ బొమ్మ, చేతులు జోడించిన బొమ్మలు వరుసగా. ధర్మాబాద్‌లో కొడుకు ఇంట్లో పోయిందట. మా అత్తమ్మ అప్పుడు మెంతికూర తుంచుతోంది. చదివి చెప్పాను. "పోయిందా" అంది అంతే. ఆకు తుంచే చెయ్యి ఆగలేదు.

రెండేళ్ల కిందట అయితే ఆగేది. కూర పక్కకు నెట్టి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చేది. ఏడవకుండా చేసింది నేను. ఆ సంగతి అప్పటికి అత్తమ్మకు తెలియదు, మా ఆయనకూ తెలియదు. తెలిసిన ఇద్దరిలో ఒకరు పోయారు. రేపు ఆమె పదో రోజు. ఆలోపు అత్తమ్మకు చెప్పాలా వద్దా అని వారమంతా నలిగిపోయాను. చెప్తే అత్తమ్మ నాకు దూరమవుతుంది. చెప్పకపోతే పోయిన మనిషి చేయని తప్పు ఆమె పేరుమీదే ఉండిపోతుంది. పాపను పడుకోబెట్టి ఇప్పుడు ఇది రాస్తున్నాను.

గల్లీలో అందరూ ఆమెను మావ్షి అనేవాళ్లు. మరాఠీ వాళ్లు పిన్నిని అలా పిలుస్తారు. మా తెలుగు ఇళ్లలోనూ అదే పిలుపు. మేముండే మేడ కింద పిండి గిర్ని నడిపేది. యాభై దాటిన మనిషి, సన్నం, పొడుగు. కనుబొమల మీద కూడా పిండి ఉండేది. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు వరుసలో డబ్బా పెట్టి, దాని మూత మీద ఫోన్ పెట్టి నిలబడేవాళ్లు. జొన్నల సంగతీ ఫోన్ సంగతీ రెండూ ఆమే చూసేది.

పిండి అంటిన వేళ్లకు ఫోన్ అద్దం పలికేది కాదు. అందుకని నడిమి వేలు మడిచి, దాని కణుపుతో తలుపు తట్టినట్టు తట్టేది. పిండి లేనప్పుడూ అదే అలవాటు. మా గల్లీలో ఏ ఫోన్ చూసినా మాట వినపడే సన్న రంధ్రాల్లో తెల్లగా ఇంత పిండి ఉండేది. అది చూస్తే చాలు, నాకు మండేది.

ఎందుకు మండదు? నేను బీఎస్సీ కంప్యూటర్ చదివాను. కిన్వట్ నుంచి వచ్చి, మూడేళ్లు ఇక్కడ నాందేడ్‌లోనే హాస్టల్లో ఉండి చదివాను. ఆమె ఏడో తరగతి, అదీ మరాఠీ బడిలో. అయినా ఫోన్ మొరాయిస్తే మా ఇంట్లోవాళ్లు నన్ను దాటుకొని మెట్లు దిగేవాళ్లు. పత్తి మిల్లు ఆఫీసులో రోజంతా లెక్కల్లో ఉండే మా ఆయన కూడా అంతే. నువ్వు చూస్తే వారం పడుతుంది, ఆమె చూస్తే రెండు కిలోల జొన్నలు పట్టేలోపు అయిపోతుంది అని నవ్వేవాడు. ఆ నవ్వుకు నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఆ గిర్నిని తిప్పే పట్టా తెగిపోతే బాగుండనుకునేదాన్ని.

ఆమె వైద్యానికి ఒక వరుస ఉండేది. మొదట ఫోన్ ఆపి, డబ్బా మూత మీద బోర్లా పెట్టేది. కాసేపు పడుకోనియ్యాలట. అప్పటికీ దారికి రాకపోతే నెట్‌వర్క్ సెట్టింగులు మాత్రం మొదటికి తెచ్చేది. వైఫై పాస్‌వర్డు మళ్లీ కొట్టుకోవాలి, అంతకన్నా నష్టం లేదు. దానికీ లొంగకపోతే సెట్టింగులన్నీ. ఫొటోలు, నంబర్లు ఎక్కడివక్కడే ఉంటాయి. మనం ఏళ్ల తరబడి తెలిసీ తెలియక నొక్కినవన్నీ పోయి, ఫోన్ తన మొదటి పద్ధతికి వస్తుంది. ఆ తర్వాత అరగంట కూర్చుని ఎవరి ఫోన్ వాళ్ల పాత తీరుకు తెచ్చేది. ఈయనకు అక్షరాలు పెద్దగా ఉండాలి, ఆమెకు దేవుడి పాట మోగాలి, ఈ పిల్లకు మోగకుండా వణికితే చాలు. అందరి కొలతలూ ఆమెకు గుర్తే. ఆ పేజీలో అన్నిటికన్నా కింద ఇంకొక వరుస ఉంటుంది, మొత్తం తుడిచేసేది. దాని జోలికి పోయేది కాదు. అది మన పని కాదనేది.

సెట్టింగులన్నీ మార్చే ముందు మాత్రం గిర్ని ఆపేసేది. పట్టా తిరిగి తిరిగి నెమ్మదించి, గల్లీ అంతా ఒక్కసారి నిశ్శబ్దమయ్యేది. అప్పుడు ఫోన్ తెచ్చిన మనిషి ముఖంలోకి చూసి అడిగేది.

"ఇందుల ఏది పోతే ఏడుస్తవ్?"

ఏమీ పోదని ఆమెకు తెలుసు. అయినా అడిగేది. ఎందుకని ఒకసారి ఎవరో అంటే, "నాకొక్కపారి పోయింది" అని ఊరుకుంది. ఏం పోయిందో చెప్పలేదు.

పైన మా వంటింటి కిటికీ సరిగ్గా గిర్ని మీదికి ఉంటుంది. శబ్దం ఆగగానే నా చేతిలో గరిట ఆగేది. కింద ఎవరెవరో జవాబులు చెప్పేవాళ్లు. మీసాలాయన ఒకడు, చచ్చిపోయిన తన ఎద్దు ఫొటో అన్నాడు. ఒక ముసలాయన తన భార్య నంబరన్నాడు, ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరిదో అయినా సరే. కాలేజీ పిల్ల ఒకతె ఏమీ లేదంది. అయితే ఇంటికి పోయి ఏమున్నదో చూసుకొని రమ్మని పంపింది. ఆ పిల్ల రెండు రోజుల తర్వాత వచ్చి, గొంతు తగ్గించి ఏదో చెప్పింది. అది నాకు వినపడలేదు. ఆ రోజంతా నా దగ్గర ఏదో దాచిపెట్టినట్టు చిరాకు.

ఎవరికి ఏది పోతే ఏడుపొస్తుందో గల్లీ మొత్తానిదీ ఆమెకు తెలుసు. ఈ గల్లీలో ఆరేళ్లుగా ఉంటున్నాను. నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు. నన్ను చూస్తే పాపకు దగ్గు తగ్గిందా అని అడుగుతారు, అంతే.

పాపకు నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు ట్యాబ్ కొన్నాం. కొన్న రోజు నుంచి నాకు భయాలు. ఎక్కడో చదివి శబ్దానికి హద్దు పెట్టాను. కళ్లకు మంచిదని తెరను పసుపు చేశాను. ఎవరైనా వింటారేమోనని మైకు మూసేశాను, చూస్తారేమోనని ఇంకేవేవో మూసేశాను. నెల తిరిగేసరికి అందులో పాటా రాదు, కథా రాదు. కిన్వట్‌లో ఉన్న మా అమ్మ వీడియో కాల్ చేస్తే పాప పెదవులు కదిలేవి గానీ మాట వినిపించేది కాదు. పిల్లకు నామీద అలకా అని అమ్మ రెండు వారాలు బాధపడింది. నేను మూడు రోజులు కూర్చున్నాను. ఎక్కడ ఏం నొక్కానో నాకే గుర్తు రాలేదు.

చివరికి అత్తమ్మే ట్యాబ్‌ను, పాపను తీసుకొని కిందికి దిగింది. నేను వెనకాల వెళ్లాను. మావ్షి కణుపుతో తట్టుకుంటూ ఒక్కొక్క పేజీ చూసింది. గిర్ని ఆపింది. నన్ను అడుగుతుందని గొంతు సవరించుకున్నాను. ఆమె వంగి పాపను అడిగింది. పాప ఆలోచించకుండా "అమ్మమ్మ" అంది.

నాకు తెలియదు ఆ సంగతి. అందులో ఉన్న రంగుల బొమ్మలో, ఏనుగు ఆటో చెప్తుందనుకున్నాను.

సెట్టింగులన్నీ మొదటికి తెచ్చి, ట్యాబ్ నా చేతిలో పెడుతూ మావ్షి మెల్లగా అంది. "దీనికేం రోగం లేదు బిడ్డా. నీ భయమంత తీస్కచ్చి దీన్ల నింపినవ్." ఎగతాళి లేదు ఆ గొంతులో. ఉంటే తిరిగి ఒక మాట అనేదాన్ని. పక్కన అత్తమ్మ తలూపుతోంది. ఆ తల ఊపడం ఇప్పటికీ కళ్లముందు ఉంది. నా మాటకు ఆమె అలా తలూపిన గుర్తు లేదు.

అత్తమ్మకు ఒక్కతే చెల్లెలు ఉండేది, భోకర్ దగ్గర ఒక ఊళ్లో. ఆమె గుండె నొప్పితో పోయాక అత్తమ్మ మావ్షిని చెల్లె అని పిలవడం మొదలుపెట్టింది. నేను ఇంట్లో ఉండగానే, నా చేతి చాయ్ చల్లారుతుండగానే, చెల్లెతో మాట్లాడొస్తానని దిగిపోయేది. పైగా రోజూ మధ్యాహ్నం నాలుగింటికి బాల్కనీలో గోడవైపు తిరిగి కూర్చుని ఫోన్ చెవికి పెట్టుకునేది. ఊఁ, ఊఁ అనేది. మధ్యలో నవ్వేది. ఒక్కోసారి కళ్లు తుడుచుకునేది. ఎవరితోనని అడిగితే ఎవరూ లేరు అనేది. కిందనున్న మావ్షితోనే నామీద చాడీలు చెప్పుకుంటోందని నేను నమ్మాను. వంట బాగాలేదనో, పిల్లను గట్టిగా కసిరాననో. మా ఆయనతో అంటే, ఊరుకో, పెద్దామె కాసేపు మాట్లాడుకోనీ అన్నాడు. నేను ఊరుకోలేదు. నీళ్ల బిందె తెచ్చే వంకతో, బట్టలు ఆరేసే వంకతో బాల్కనీలోకి పోయేదాన్ని. నన్ను చూడగానే ఫోన్ ఒళ్లో దాచేది.

పోయిన ఏడు ఎండాకాలంలో అత్తమ్మ ఫోన్ మందగించింది. మావ్షి ఒకసారి చూసి సర్దింది. వారానికి మళ్లీ మొదలైంది. అప్పుడు మావ్షి ఊళ్లో లేదు, మాహూర్ దేవి దర్శనానికి పోయింది. వచ్చేదాకా ఆగుదామంది అత్తమ్మ. నేను చేస్తానన్నాను. మావ్షి చేస్తుండగా పదిసార్లు పైనుంచి చూశాను. నేర్చుకోవడానికేముంది?

సెట్టింగులు మాత్రం మార్చి ఊరుకుంటే అది మావ్షి పని అవుతుంది. నాకు అంతకన్నా మించి చేయాలనిపించింది. మొత్తం తుడిచేస్తే ఫోన్ డబ్బాలోంచి తీసినట్టు కొత్తగా లేస్తుంది, అత్తమ్మ చూసి ఇదేంది ఇంత మంచిగైంది అంటుంది, మావ్షి వచ్చేసరికి ఫోన్‌తో ఆమెకు పని ఉండదు. నేను అజాగ్రత్త మనిషిని కాను. నంబర్లన్నీ రాసిపెట్టాను. ఫొటోలన్నీ నా ఫోన్‌లోకి పంపుకున్నాను. అన్నీ పోతాయి, సరేనా అని ఫోన్ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ సరేనన్నాను. అత్తమ్మ పక్కగదిలోనే ఉంది. పిలిచి ఒక్క మాట అడగాలన్న ఆలోచన రాలేదు. అడగడం మావ్షి పద్ధతి కదా.

ఫోన్ నిజంగానే కొత్తగా లేచింది. అత్తమ్మ సంతోషపడింది, నా వీపు నిమిరింది. నాలుగింటికి బాల్కనీలో కూర్చుంది. కాసేపటికి లోపలికి వచ్చి, మొదటి పేజీలో ఎర్ర గుండ్రం బొమ్మ ఒకటి ఉండాలి, ఏదీ అని అడిగింది. అది నొక్కితే చెల్లెలు మాట్లాడుతుందట.

అప్పుడు తెలిసింది నాకు. అది పాత ఫోన్. వచ్చిన కాల్స్ అన్నీ దానంతట అదే రికార్డు చేసుకునేది. చెల్లెలు బతికుండగా రోజూ నాలుగింటికి చేసేది. జొన్న రొట్టె చేసిన, గేదె ఈనింది, మోకాలు నొస్తుంది, అంతకన్నా ఏమీ ఉండవు ఆ మాటల్లో. ఆమె పోయిన కొన్నాళ్లకు మావ్షి ఆ రికార్డులు కనిపెట్టి, అత్తమ్మకు అందేలా ముందు పేజీలో పెట్టింది. ఏది పోతే ఏడుస్తావని గిర్ని ఆపి అడిగిన రోజున అత్తమ్మ చెప్పిన జవాబు అదే. మాకు ఎవరికీ చెప్పలేదు. చచ్చిన మనిషి మాటలు వింటే ఇంటికి మంచిది కాదంటారని భయపడిందట.

ఆ క్షణంలో నిజం చెప్పి ఉండొచ్చు. "మొన్న మావ్షి చూసింది కదత్తమ్మా, అప్పుడే పోయుంటది" అన్నాను.

మర్నాడు మా ఆయనకు తెలియకుండా ఫోన్‌ను ఒక రిపేరు దుకాణానికి తీసుకుపోయాను. తుడిచేశాక ఇక రావని ఆ మనిషి తల అడ్డంగా ఊపాడు.

మాహూర్ నుంచి మావ్షి వచ్చిన పొద్దున అత్తమ్మ దిగి పోయింది. నేనూ పోయాను, ఏమంటుందో వినాలని. "నువ్వు మొన్న సర్దినప్పుడే పోయిందట చెల్లె, కోడలన్నది" అని అత్తమ్మ ఫోన్ చాపింది. మావ్షి దాన్ని కణుపుతో రెండుసార్లు తట్టింది. అంతే, ఆమెకు అర్థమైపోయింది. కొత్తగా ఉన్న ఆ పేజీని ఎవరు చూసినా చెప్పేస్తారు. తలెత్తి నా వంక చూసింది. నేను పాప జుట్టు సర్దుతున్నాను.

"ఔనక్కా. నా చెయ్యే తప్పింది" అంది.

అత్తమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది. అరవలేదు, తిట్టలేదు. మళ్లీ ఆమెను చెల్లె అనలేదు. గల్లీలో మాట పాకింది. మావ్షి చేతిలో ఒకరి చెల్లెలి గొంతు పోయిందట అని. డబ్బాల మీద ఫోన్లు పెట్టడం తగ్గింది. ఎవరైనా తెచ్చినా, నా చెయ్యి మంచిది లేదు, దుకాణానికి పొమ్మని ఆమే పంపేసేది.

నాకు కావలసింది దొరికింది. అత్తమ్మ ఇక కిందికి దిగలేదు. నా దగ్గర కూర్చుని ఆకుకూర తుంచేది, పాపకు నూనె రాసేది, చిన్నప్పటి సంగతులు చెప్పేది. ఏడాదిన్నర అలా గడిచింది. నా పెళ్లయ్యాక అంత బాగా ఎప్పుడూ లేం. అలా అని నా కడుపులో మంట చల్లారలేదు. నన్ను ఆ మెట్టు దగ్గర నిలబెట్టి పట్టించి ఉంటే ఆమెను ద్వేషించి ఊరుకునేదాన్ని. తప్పు తనమీద వేసుకొని అక్కడ కూడా నాకన్నా మంచిదైపోయింది.

ఒకసారి కావాలనే జొన్నలు తీసుకొని పోయాను. ఎవరూ లేరు. ఎందుకు అలా చెప్పావని అడగాలని, అడగలేక, గిర్ని ఆపుతుందేమోనని నిలబడ్డాను. ఆపితే చాలు, చెప్పేద్దామనుకున్నాను. ఆమె ఆపలేదు. పిండి డబ్బాలోకి దించి, ఆ మోతలోనే, పాప తింటుందా అని గట్టిగా అడిగింది. తింటుందన్నాను. దీపావళి తర్వాత గిర్ని ఇంకెవరికో అప్పజెప్పి ధర్మాబాద్ వెళ్లిపోయింది. మోకాళ్ల నొప్పులన్నారు. నిజంగానే మోకాళ్ల నొప్పులుండేవి. నేను పదే పదే ఆ మోకాళ్లనే గుర్తు చేసుకునేదాన్ని.

ఈరోజు మధ్యాహ్నం చెప్పేశాను. పాప బడి నుంచి రాకముందు, అత్తమ్మ ఎదురుగా కింద కూర్చుని, నీ చెల్లె మాటలు మావ్షి పోగొట్టలేదు, నేను పోగొట్టానన్నాను. ఎట్లా అని అడిగింది. ఒకటీ దాచకుండా చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను. అది చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. తిడుతుందని ఎదురుచూశాను.

"ఎర్కుండి గూడ తన మీదేస్కున్నదా?"

"ఔనత్తమ్మా."

"నేను ఏడాదిన్నర దాని మొకం సూడలే" అంది. నాతో కాదు ఆ మాట.

తర్వాత లేచి కొడుక్కు ఫోన్ చేసి, పొద్దున రైలుకు ధర్మాబాద్ టికెట్టు తెమ్మంది. ఎన్ని అని అడిగినట్టున్నాడు. ఒకటే అంది. బీరువా తెరిచింది. మావ్షికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు లేరు. పదో రోజున పుట్టింటి వైపు నుంచి కొడుక్కీ కోడలికీ బట్టలు పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. నేనున్నాను కదా అక్కను అంది, బట్టల మధ్య వెతుకుతూ. దుప్పట్ల కింద నుంచి ఆకుపచ్చ చీర తీసింది. పోయిన దసరాకు మూడు దుకాణాలు తిరిగి అత్తమ్మ కోసం నేను కొన్నది. పెళ్లిళ్లకు కడతానని దాచుకుంది, మడత విప్పలేదు.

"ఇది దాని కోడలికి పెడ్తనే బిడ్డా?"

పెట్టమన్నాను. నేనూ రానా అని అడిగాను. వద్దంది. కోపంగా అనలేదు. "నువ్వు పక్కనుంటే నాకు ఏడుపు రాదు" అంది.

ఇప్పుడు పక్కగదిలో పడుకుంది. సంచి మంచం పక్కన ఉంది. ఇందాక నీళ్లు పెట్టే వంకతో పోయి చూశాను, చీర పైనే ఉంది. రేపు పొద్దున అత్తమ్మ చేతుల మీదుగా దాన్ని అందుకునేది నేను ముఖం కూడా చూడని ఒక కోడలు. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆమె మీద కూడా నాకు కుళ్లు పుడుతోంది. సంచి జిప్పు చీర అంచుకు పట్టుకొని సగంలో ఆగిపోయి ఉంది. అంచు చిరగకుండా మెల్లగా విడిపించి, జిప్పు చివరిదాకా వేసి వచ్చాను.